కారు ఛార్జింగ్ సరిగా అవుతోందా, లేదా? వోల్టేజ్ లోపాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

"కొత్త బ్యాటరీ వేయించాను. నెల తిరక్కుండానే మళ్లీ సెల్ఫ్ తీసుకోవట్లేదు." కారున్న చాలామంది నోట ఈ మాట వినపడుతూనే ఉంటుంది. చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు. దాన్ని నింపాల్సిన ఆల్టర్నేటర్‌దో (మన మెకానిక్‌లు డైనమో అనేది దీన్నే), మధ్యలో తుప్పుపట్టిన వైరుదో, బండి ఆపాక కూడా కరెంటు లాగుతున్న ఏదో పరికరానిదో అయి ఉంటుంది. కొన్ని వందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్ ఉంటే ఆ తేడా ఇంటి ముందే తేల్చుకోవచ్చు. బ్యాటరీ కొనడానికి డబ్బు తీసేముందు మూడు రీడింగులు చూడండి: ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు, ఇంజిన్ నడుస్తూ లోడ్ పడినప్పుడు.

ఇక్కడి అంకెలు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ కార్లవి. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## డ్యాష్‌బోర్డు మీద అనుమానం వచ్చినప్పుడు

బండి నడుస్తుండగా ఎర్ర బ్యాటరీ లైటు వెలిగింది. బ్యాటరీ పోయినట్టేనా?

కాదు. బొమ్మ బ్యాటరీదే కానీ ఆ లైటు చెప్పేది ఛార్జింగ్ సంగతి. ఆల్టర్నేటర్ నుంచి కరెంటు రావట్లేదు, లేదా రావాల్సినంత వోల్టేజ్‌తో రావట్లేదు. ఆ క్షణం నుంచి బండి బ్యాటరీలో ఉన్న నిల్వ మీదే నడుస్తోంది.

ముందుగా చూడాల్సింది ఇంజిన్ టెంపరేచర్. చాలా కార్లలో ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. ఆ బెల్టు తెగితే ఛార్జింగుతో పాటు కూలింగ్ కూడా ఆగిపోతుంది, కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ మరిగిపోతుంది. టెంపరేచర్ పైకి పోతున్నా, స్టీరింగ్ ఉన్నట్టుండి బరువైనా ఇక ఒక్క కిలోమీటరు కూడా లాగకండి. పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఇంజిన్ పాడైతే అయ్యే ఖర్చు ముందు టోయింగ్ ఖర్చు లెక్కలోకే రాదు.

ఆ లైటుతో ఇంకా ఎంత దూరం వెళ్లగలను?

బెల్టు ఉండి, టెంపరేచర్ మామూలుగా ఉంటే కొంత సమయం దొరుకుతుంది. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్స్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కలిసి సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ వేస్తే ఇంకో 9. బ్లోయర్ ఫుల్‌లో పెడితే దానిది వేరే. బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే పగటిపూట గంట అటూ ఇటూగా లాగుతుంది, రాత్రి అందులో సగమే అనుకోండి. బ్యాటరీ పాతదైతే ఈ లెక్క మీద ఆధారపడొద్దు.

ఏసీ, బ్లోయర్, వెనక అద్దం డీఫాగర్, మ్యూజిక్, ఫోన్ ఛార్జింగ్ అన్నీ కట్టేయండి. గమ్యం చేరేదాకా ఇంజిన్ ఆపొద్దు, ఆపితే మళ్లీ స్టార్ట్ అవ్వకపోవచ్చు. వోల్టేజ్ పడిపోతుంటే ముందు ఏబీఎస్, పవర్ స్టీరింగ్ లైట్లు వస్తాయి, స్టీరింగ్ బిగుసుకుంటుంది, తర్వాత ఇంజిన్ కొట్టుకుంటూ ఆగిపోతుంది. రాత్రి హైవే మీద కరెంటు ఆదా చేద్దామని హెడ్‌లైట్లు మాత్రం కట్టేయకండి. మనుషులున్న పెట్రోల్ బంకు దగ్గరో, దాబా దగ్గరో ఆపుకోవడమే నయం.

కీ ఆన్ చేసినప్పుడు ఆ బ్యాటరీ లైటు అసలు వెలగట్లేదు. అంటే అంతా బాగున్నట్టేగా?

బాగోలేనట్టు. ఇంజిన్ స్టార్ట్ కాకముందు కీ ఆన్‌లో ఆ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. మారుతి 800 లాంటి పాత బళ్లలో ఆల్టర్నేటర్‌లోని ఫీల్డ్ కాయిల్‌కు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ మేలుకోదు, లేదా ఒకసారి గట్టిగా రేస్ చేస్తే తప్ప ఛార్జింగ్ మొదలవదు. అలాంటి బండిలో కొన్ని రూపాయల బల్బు మారిస్తే సరిపోయే చోట డైనమో మొత్తం విప్పదీస్తుంటారు. కొత్త కార్లలో ఆ లైటు ఈసీయూ ఆధీనంలో ఉంటుంది కాబట్టి అక్కడ వైరింగ్ కప్లర్, మీటర్ కన్సోల్ చూడాలి.

లైటు రావట్లేదు, అయినా బ్యాటరీ దిగిపోతోంది. అదెలా?

ఛార్జింగ్ పూర్తిగా ఆగితేనో, బాగా పడిపోతేనో తప్ప చాలా బళ్లలో ఆ లైటు వెలగదు. సగం సగం ఛార్జింగ్ దానికి పట్టదు. ఆల్టర్నేటర్‌లో ఏసీని డీసీగా మార్చే డయోడ్లలో ఒకటి పోయినా, మెయిన్ వైరులో వోల్టేజ్ తగ్గిపోతున్నా, బెల్టు కాస్త జారుతున్నా లైటు రాకపోవచ్చు. మీటరుతో కొలవడం ఒక్కటే దారి.

పొద్దున స్టార్ట్ చేయగానే బెల్టు కీచుమంటుంది, నిమిషంలో తగ్గిపోతుంది. పట్టించుకోవాలా?

పట్టించుకోండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన కరెంటును తిరిగి నింపడానికి స్టార్ట్ అయిన వెంటనే ఆల్టర్నేటర్ గట్టిగా పనిచేస్తుంది. అంటే బెల్టు మీద ఎక్కువ బరువు పడేది అప్పుడే. బెల్టు నున్నబడినా, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ వదులైనా ఆ సమయంలోనే జారి అరుస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా బెల్టు గాడుల వైపు కొద్దిగా నీళ్లు చిలకరించి చూస్తారు: శబ్దం ఆగి మళ్లీ వస్తే బెల్టు అరిగినట్టు లేదా పుల్లీలు వరసలో లేనట్టు, ఇంకా పెరిగితే బెల్టు బిగువు చాలనట్టు. చున్నీ, లుంగీ, వదులు చేతుల చొక్కా వేసుకుని మాత్రం ఆ దగ్గరికి వెళ్లొద్దు.

## మీటరు పెట్టి చూసేటప్పుడు

మల్టీమీటర్ ఎప్పుడూ వాడలేదు. ఎక్కడ పెట్టాలి, ఎలా చూడాలి?

డీసీ వోల్టేజ్ 20 దగ్గర పెట్టండి. మీటరు మీద సరళ గీత, దాని కింద చుక్కల గీత ఉండే గుర్తు అదే. నల్ల వైరు కామన్ రంధ్రంలో, ఎర్ర వైరు వోల్టుల రంధ్రంలో ఉండాలి. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీకి అడ్డంగా పెడితే అది నేరుగా షార్ట్ సర్క్యూటే. మీటరు వైరు కాలిపోతుంది, చెయ్యీ కాలుతుంది. ప్రతిసారీ ముందు ఆ రంధ్రం చూసుకోండి.

ఇంకో చిన్న విషయం ఉంది. మీటరు సూదిని టెర్మినల్ బిగింపు మీద కాకుండా బ్యాటరీ నుంచి పైకి వచ్చిన సీసం పోస్టు మీద, సరిగ్గా మధ్యలో, కాస్త గుచ్చి పెట్టండి. రీడింగ్ రాసుకోండి. తర్వాత అదే సూదిని బిగింపు మీద పెట్టి చూడండి. హెడ్‌లైట్లు వెలుగుతుండగా ఈ రెండు అంకెల మధ్య 0.1, 0.2 వోల్టుల తేడా వచ్చినా లోపల మీకు కనపడని పొర కట్టింది. బిగింపు విప్పితే పోస్టు చుట్టూ బూడిద రంగు పొరో, పచ్చటి తుప్పో ఉంటుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. చాలా బళ్ల రోగం ఇక్కడే కుదురుతుంది.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ ఎంత చూపించాలి?

- 12.6 లేదా 12.7: పూర్తిగా నిండింది
- 12.4: ముప్పావు వంతు
- 12.2: సగం
- 12.0: పావు వంతు
- 11.9 కన్నా తక్కువ: ఖాళీ

బండి ఆపగానే కొలిస్తే 13 దాకా కనిపించి మోసం చేస్తుంది, అది ప్లేట్ల మీద తేలి ఉన్న ఛార్జ్. రాత్రంతా ఆపి పొద్దున్నే, డోరు తెరవడానికి ముందు వీలైతే మేలు, కొలవండి. అంత ఆగలేకపోతే రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, కట్టేసి, ఐదు నిమిషాల తర్వాత చూడండి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ ఎంత వరకు పడొచ్చు?

9.6 కన్నా కిందికి పోకూడదు. మంచి బ్యాటరీ అయితే 10, 10.5 దగ్గర నిలబడుతుంది. ముందు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో జారిందంటే బ్యాటరీలో సత్తా లేదు. లేదా స్టార్టర్ మోటార్ బిగుసుకుని అతిగా కరెంటు లాగుతోంది. అలాకాక వోల్టేజ్ 11.5 దగ్గరే ఉండి సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీని వదిలేయండి. కరెంటు స్టార్టర్ దాకా చేరట్లేదు. టెర్మినళ్లు, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ చూడాలి.

ఇంజిన్ నడుస్తుంటే ఎంత ఉండాలి?

మామూలు ఆల్టర్నేటర్ ఉన్న బండిలో 13.8 నుంచి 14.5 మధ్య. ముందు ఐడిల్‌లో, అన్నీ కట్టేసి చూడండి. తర్వాత హెడ్‌లైట్లు హై బీమ్, బ్లోయర్ ఫుల్, ఏసీ, డీఫాగర్ వేసి, ఇంకొకరిని 2,000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోమని చెప్పి మళ్లీ చూడండి. అప్పుడు 13.5 కన్నా తగ్గకపోతే ఛార్జింగ్ బాగున్నట్టే. లోడ్ లేకుండా వచ్చిన 14.2 చూసి "డైనమో ఓకే" అనేసే షాపులే ఎక్కువ. లోడ్ వేశాక నిలబడే అంకే అసలు పరీక్ష.

వేడి పెరిగేకొద్దీ రెగ్యులేటర్ (ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ను అదుపులో ఉంచే భాగం) కావాలనే వోల్టేజ్ తగ్గిస్తుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం బానెట్ కింద కాగిపోతున్నప్పుడు 13.6 కనిపిస్తే కంగారు పడొద్దు. అదే బండి డిసెంబరు తెల్లవారుజామున 14.4 చూపిస్తుంది.

నా కొత్త కారులో ఒకసారి 12.8, ఒకసారి 14.8 చూపిస్తోంది. రెగ్యులేటర్ పోయిందా?

చాలావరకు పోలేదు. ఈమధ్య కార్లలో ఆల్టర్నేటర్‌కు ఎంత వోల్టేజ్ ఇవ్వాలో ఈసీయూ చెబుతుంది. ఇంధనం ఆదా కోసం బ్యాటరీ నిండుగా ఉంటే ఛార్జింగ్ తగ్గించేస్తుంది, మీరు యాక్సిలరేటర్ వదిలి బండి దొర్లుతున్నప్పుడు పెంచేస్తుంది. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా లాంటి సెన్సర్, దానికి సన్నటి కప్లర్ ఉంటే మీది ఈ రకమే. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చూడండి. వోల్టేజ్ పెరిగి 13.5 పైన నిలబడితే వ్యవస్థ మాట వింటోంది. ఎంత లోడ్ వేసినా 12.5 దగ్గరే ఉంటే ఈసీయూలోని లోపాలు చదివే స్కానర్ పెట్టించాలి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసేసి చూస్తానని మెకానిక్ అంటున్నాడు. తీయనివ్వచ్చా?

వద్దు. గట్టిగా వద్దని చెప్పండి. బ్యాటరీ ఉన్నంతసేపు అది వోల్టేజ్ ఎగిరిపడకుండా పట్టుకుని ఉంటుంది. ఛార్జింగ్ జరుగుతుండగా ఒక్కసారిగా వైరు తీస్తే ఆల్టర్నేటర్ వోల్టేజ్ క్షణంలో ఎన్నో రెట్లు ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటర్, ఈసీయూ, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ ఏదైనా పోవచ్చు. ఎలక్ట్రానిక్స్ లేని వెనకటి బళ్లలో నడిచిన పద్ధతి అది. పైగా ఇంజిన్ ఆగలేదంటే ఆల్టర్నేటర్ ఎంతో కొంత ఇస్తోందనే తప్ప సరిపడా ఇస్తోందని కాదు. మీటరు పెట్టడానికి అర నిమిషం కూడా పట్టదు.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే వోల్ట్ మీటర్‌ను నమ్మొచ్చా?

పెరుగుతోందా తగ్గుతోందా అన్నది తెలుసుకోవడానికి పనికొస్తుంది. అంకెను అంకెగా నమ్మొద్దు. ఫ్యూజులు, సన్న వైర్లు దాటి వచ్చేసరికి అక్కడ అసలు కన్నా 0.2 నుంచి 0.5 వోల్టుల దాకా తక్కువ చూపుతుంది. తీర్పు మాత్రం బ్యాటరీ పోస్టుల దగ్గరే.

మొన్నటిదాకా 14.3 చూపిన మీటరు ఇవాళ 15.9 అంటోంది. టెన్షన్ పడాలా?

ముందు మీటరు లోపలి 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. చవక మీటర్లలో ఆ బ్యాటరీ బలహీనపడితే ప్రతి రీడింగూ ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. ఇంకో మీటరుతోనూ అదే అంకె వస్తే అప్పుడు బండిని అనుమానించండి.

## రీడింగ్ తక్కువగా వస్తుంటే

ఇంజిన్ నడుస్తున్నా 12.3 దగ్గరే ఉంది, కదలట్లేదు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

ఖర్చు లేని వాటి నుంచి. బెల్టు ఉందా, బిగువుగా ఉందా, పుల్లీ నిజంగా తిరుగుతోందా చూడండి. తర్వాత బ్యాటరీ పక్కన ఫ్యూజ్ బాక్సులో ఆల్టర్నేటర్ లైనులో ఉండే పెద్ద మెయిన్ ఫ్యూజ్. జంప్ స్టార్ట్‌లో వైర్లు తారుమారైన బళ్లలో తరచుగా పోయేది ఇదే. ఆ తర్వాత ఆల్టర్నేటర్ వెనక ఉండే ప్లాస్టిక్ కప్లర్. పిన్నులు పచ్చబడ్డాయా, వదులయ్యాయా, ఎలుక వైరు కొరికిందా చూడండి. ఇళ్ల ముందు ఆపే బళ్లలో ఎలుకల బెడద తక్కువేం కాదు.

ఇవన్నీ బాగుంటే ఒక చిన్న పరీక్ష. ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి, ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గర స్క్రూడ్రైవర్ మొన పెట్టండి. లోపల తిరిగే భాగానికి, అంటే రోటర్‌కు, కరెంటు అందుతుంటే అయస్కాంతంలా లాగుతుంది. లాగకపోతే రోటర్‌కు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు, రెగ్యులేటర్ పోయినట్టు, లేదా కప్లర్ దాకా కరెంటే రానట్టు. ఈసీయూ నడిపే ఆల్టర్నేటర్లలో ఇంజిన్ స్టార్ట్ కాకముందు ఈ లాగుడు ఉండదు కాబట్టి వాటిని దీంతో తేల్చొద్దు.

ఆల్టర్నేటర్ దగ్గర 14.4 వస్తోంది, బ్యాటరీ దగ్గర 13.5 మాత్రమే. మధ్యలో ఏమవుతోంది?

దారిలో పోతోంది. తుప్పుపట్టిన, వదులైన జాయింటు ప్రతీదీ కొంత వోల్టేజ్ తినేస్తుంది. ఎవరు తింటున్నారో పట్టుకోవడం తేలికే. ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర, లైట్లు, బ్లోయర్ వేసి ఉంచండి. మీటరు ఒక సూది ఆల్టర్నేటర్ వెనక మందపాటి వైరు బిగించిన బోల్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టండి. 0.2, మహా అయితే 0.3 రావాలి. అంతకన్నా ఎక్కువైతే ఆ వైరులోనో, మెయిన్ ఫ్యూజ్ బిగింపులోనో లోపం.

తర్వాత ఒక సూది ఆల్టర్నేటర్ ఒంటి లోహం మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద. ఇక్కడ 0.2 దాటకూడదు. దాటితే ఎర్త్ లోపం. అప్పటికప్పుడు నిర్ధారించుకోవాలంటే జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ మీద శుభ్రమైన లోహానికి కలపండి. వోల్టేజ్ వెంటనే పెరిగిందంటే ఎర్త్ పట్టీ మారిస్తే చాలు. సముద్రానికి దగ్గరుండే ఊళ్లలో, ఉప్పుగాలికి ఈ పట్టీలే ముందు పోతాయి. ఆల్టర్నేటర్ విప్పమనేముందు ఈ రెండు కొలతలూ అడగండి.

ఐడిల్‌లో 12.9, రేస్ చేస్తే 14.2. ఇది లోపమా?

అన్ని లోడ్లూ వేసి ఉంటే కొంతవరకు సహజమే. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ పూర్తి సామర్థ్యంలో సగం అటూ ఇటూ మాత్రమే ఇస్తుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రాత్రిపూట ఏసీ, హెడ్‌లైట్లతో గంట సేపు పాకితే బ్యాటరీ నిండడం మాట అటుంచి కొంచెం దిగొచ్చు కూడా. లోడ్ ఏమీ లేకుండానే ఐడిల్‌లో 13 దాటకపోతే మాత్రం బెల్టు జారుడు, బ్రష్‌ల అరుగుదల, ఒక డయోడ్ పోవడం, ఐడిల్ వేగమే తక్కువగా ఉండటం ఈ నాలుగూ చూడాలి.

డయోడ్ పోయిందేమో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఆల్టర్నేటర్ లోపల పుట్టేది ఏసీ కరెంటు, దాన్ని డీసీగా మార్చేవి డయోడ్లు. ఒకటి పోతే కొంత ఏసీ అలాగే బయటికి వస్తుంది. రేడియోలో ఇంజిన్ వేగంతో పాటు సన్నగా పెరిగే కూత, లోడ్ వేయగానే కూలిపోయే వోల్టేజ్ దాని గుర్తులు.

మీటరును ఏసీ వోల్టేజ్ రేంజ్‌కు, అంటే అల గుర్తుకు, మార్చి బ్యాటరీ పోస్టుల మీద పెట్టండి. ఇంజిన్ నడుస్తూ లైట్లు వెలుగుతుంటే 0.1 లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే డయోడ్ ప్లేట్ మీద గట్టి అనుమానం. అయితే ముందు ఇంజిన్ ఆపి అదే రేంజ్‌లో చూడండి, సున్నా రావాలి. కొన్ని చవక మీటర్లు డీసీని కూడా ఏసీగా లెక్కేసి 27, 28 అని చూపిస్తాయి, సూదులు తిప్పి పెడితే సున్నా అంటాయి. అలాంటి మీటరు, లేదా కనీస ఏసీ రేంజ్ 200 ఉన్న మీటరు ఈ పనికి రాదు. కాస్త మంచిది అడిగి తెచ్చుకోండి.

పొద్దున చూస్తే బాగుంటుంది, గంట నడిపాక ఛార్జింగ్ పడిపోతుంది. షాపుకి తీసుకెళ్తే ఏమీ లేదంటున్నారు.

వేడికి తెలిసే లోపం ఇది. వైండింగ్, రెగ్యులేటర్, బ్రష్‌ల పట్టు చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక వదిలేస్తాయి. బండిని చల్లార్చి షాపులో ఇస్తే వాళ్లకు కనపడదు. మధ్యాహ్నం నడిపి, వేడి మీదే తీసుకెళ్లి, ఇంజిన్ ఆపకుండా కొలిపించండి. మీరు ముందే తీసిన రీడింగులు, సమయాలు కాగితం మీద రాసి ఇస్తే ఆటో ఎలక్ట్రీషియన్ పని సగం తగ్గుతుంది.

వానలో మోకాలి లోతు నీళ్లలో నడిపాను, మర్నాటి నుంచి బ్యాటరీ లైటు వస్తోంది.

చాలా బళ్లలో ఆల్టర్నేటర్ కిందికి ఉంటుంది, గాలికోసం దానికి చిల్లులు ఉంటాయి. బురదనీళ్లు లోపలికి పోతే బ్రష్‌లు ఇరుక్కుంటాయి, అవి ఆనుకునే స్లిప్ రింగుల మీద మట్టి పొర కడుతుంది, బేరింగులో గ్రీజు పోతుంది. విప్పి, శుభ్రం చేసి, ఆరబెట్టి, బేరింగులు మార్చితే తరచుగా బాగవుతుంది. ఆలస్యం చేస్తే తుప్పు వైండింగ్ దాకా పాకుతుంది.

## రీడింగ్ ఎక్కువగా ఉన్నా, ఊగుతున్నా

15 వోల్టులు దాటుతోంది. నడపొచ్చా?

ఎక్కువసేపు వద్దు. కొన్ని కొత్త కార్లు కొద్దిసేపు 15 దాకా పంపుతాయి, అది వేరు. వేడెక్కిన ఇంజిన్ మీద, నిండిన బ్యాటరీ మీద 15 దాటి అలాగే నిలబడితే ఓవర్‌ఛార్జింగ్. బ్యాటరీ నీళ్లు మరిగి ఆవిరవుతాయి, బల్బులు వెంటవెంటనే మాడతాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, బ్యాటరీ పక్కలు ఉబ్బుతాయి.

ఎక్కువ సందర్భాల్లో కారణం రెగ్యులేటర్. కొన్ని ఆల్టర్నేటర్లలో బ్యాటరీ వోల్టేజ్ చూసి చెప్పడానికి ఒక సన్న వైరు వేరుగా వస్తుంది. అది తెగినా, దాని ఫ్యూజ్ కనెక్షన్ వదులైనా రెగ్యులేటర్ "బ్యాటరీ ఖాళీగా ఉంది" అనుకుని ఇంకా ఇంకా పంపుతుంది. రెగ్యులేటర్ మార్చేముందు ఆ వైరులో బ్యాటరీ వోల్టేజ్ వస్తోందో లేదో చూపించమనండి. దగ్గరలోని షాపుకి వెళ్లక తప్పకపోతే హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసుకుని, ఇంజిన్ రేస్ చేయకుండా వెళ్లండి.

ఉబ్బిన, వాసన వస్తున్న బ్యాటరీని ఏం చేయాలి?

దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు, సిగరెట్ వద్దు, మెరుపు పుట్టేలా టెర్మినల్ తీయొద్దు. లోపలినుంచి వచ్చేది హైడ్రోజన్, నిప్పు రవ్వ చాలు. ఇంజిన్ ఆపి, బానెట్ తెరిచి, చల్లారనిచ్చాకే నెగటివ్ టెర్మినల్ ముందు తీయండి. యాసిడ్ ఒంటి మీద పడితే ధారాళంగా నీళ్లతో కడగండి, కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లండి. ఉబ్బిన బ్యాటరీ మళ్లీ పనికిరాదు. ఛార్జింగ్ లోపం సరిచేయకుండా కొత్తది పెడితే దానికీ అదే గతి.

రాత్రి హెడ్‌లైట్లు కొట్టుకున్నట్టు ఎక్కువ తక్కువ అవుతున్నాయి.

మీటరు అంకె కూడా ఆ లయలోనే ఊగితే ముందు టెర్మినళ్లు, ఎర్త్ బిగింపులు కదిలించి చూడండి. అవి గట్టిగా ఉంటే బ్రష్‌లు, రెగ్యులేటర్. బ్రష్ హోల్డర్ నుంచి బయటికి 5 మిల్లీమీటర్లు కూడా మిగలకపోతే మార్చాల్సిందే. ఏసీ కంప్రెసర్ అందుకున్న క్షణంలో మాత్రమే లైట్లు ఒక్కసారి మినుక్కుమంటే అది మామూలే.

## బండి ఆపి ఉంచితే దిగిపోతుంటే

ఛార్జింగ్ 14.2 బాగానే ఉంది. కానీ రెండ్రోజులు ఆపితే సెల్ఫ్ తీసుకోదు.

ఆల్టర్నేటర్‌ను వదిలేయండి. బ్యాటరీ నిల్వ ఉంచుకోలేకపోతోంది, లేదా ఆపాక ఏదో కరెంటు లాగుతోంది. ఏదో తేల్చాలంటే బ్యాటరీ పూర్తిగా నింపి, నెగటివ్ టెర్మినల్ విప్పి రెండ్రోజులు వదిలేయండి. విప్పి ఉన్నా వోల్టేజ్ పడిపోతే బ్యాటరీ. నిలబడితే బండిలో లీకేజ్.

ఆ లీకేజ్ ఎంతో ఎలా కొలవాలి?

మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చి, డయల్ 10 ఆంపియర్లకు తిప్పండి. కీ దూరంగా ఇంట్లో పెట్టండి. డ్రైవర్ డోరు తెరిచి ఉంచాల్సి వస్తే దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు చేయండి, లేకపోతే బండి నిద్రపోదు. నెగటివ్ టెర్మినల్ విప్పి, ఒక సూది బ్యాటరీ పోస్టుకు, రెండోది విప్పిన వైరుకు. ఈ స్థితిలో సెల్ఫ్ కొట్టొద్దు, కీ ఆన్ చేయొద్దు, మీటరు ఫ్యూజ్ పోతుంది.

మొదట ఎక్కువ చూపిస్తుంది. అరగంట ఆగండి. మాడ్యూళ్లన్నీ పడుకున్నాక 0.02 నుంచి 0.05 ఆంపియర్లు ఉంటే సరే. అంతకన్నా ఎక్కువైతే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ ఎక్కడ పడిపోతుందో చూడండి. మామూలు దొంగలు: తర్వాత బిగించిన స్టీరియో, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, డిక్కీలో ఆరని లైటు. ఫ్యూజులన్నీ తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడే వెనక్కి కరెంటు వదులుతుండొచ్చు. బ్యాటరీ పూర్తిగా విడదీశాకే ఆల్టర్నేటర్ మందపాటి వైరు విప్పి, టేపు చుట్టి, మళ్లీ కొలవండి.

మేం అమెరికాలో ఉంటాం, ఊళ్లో కారు నెలల తరబడి ఆగి ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ బ్యాటరీ చచ్చి ఉంటోంది.

లోపం లేని బండికైనా అదే జరుగుతుంది. 0.05 ఆంపియర్ల లీకేజ్ అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం పదిహేను రోజుల్లో ఖాళీ. ఖాళీగా పడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక కోలుకోదు. వెళ్లేముందు పూర్తిగా నింపి, నెగటివ్ టెర్మినల్ విప్పించి వెళ్లండి. ఇంట్లో కరెంటు, నమ్మకమైన మనిషి ఉంటే ఆటోమేటిక్ మెయింటెనెన్స్ ఛార్జర్ ఇంకా మంచిది. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించడం వల్ల సెల్ఫ్‌కు ఖర్చయిందీ, లీకేజ్‌లో పోయిందీ తిరిగి నిండదు.

## షాపులో, రిపేరు తర్వాత

బ్యాటరీ వారంటీలో ఉంది. షాపువాళ్లు బండిదే తప్పు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?

అంకెలను. ముందు బ్యాటరీ బయట ఛార్జర్ మీద పూర్తిగా నింపమనండి, ఖాళీ బ్యాటరీ మీద ఏ పరీక్షా తేలదు. నింపాక కూడా 10.5 దగ్గరే ఆగితే ఒక సెల్ షార్ట్ అయింది. ఆరు సెల్స్‌లో ఒక్కోటి 2.1 వోల్టులు. మూతలున్న బ్యాటరీ అయితే యాసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటర్‌తో ఆరూ చూడమనండి. ఒకటి 1.250, ఇంకొకటి 1.190 అంటే ఆ 1.190 సెల్ పోయింది. మీ బండి ఛార్జింగ్ రీడింగులు రాసుకుని వెళ్తే బండిదే తప్పన్న మాటకు అక్కడే జవాబు ఇవ్వొచ్చు.

కొత్త ఆల్టర్నేటర్ కొనాలా, రిపేరు సరిపోతుందా?

బ్రష్‌లు, బేరింగులు, రెగ్యులేటర్, డయోడ్ ప్లేట్ విడిగా దొరికే మోడల్ అయితే రిపేరే మంచిది. స్టేటర్ వైండింగ్ నల్లగా మాడి, కాలిన వార్నిష్ వాసన వస్తుంటే, లేదా స్లిప్ రింగులు లోతుగా అరిగితే మొత్తం మార్చడం మేలు. పాత భాగాలు వెనక్కి అడిగి తీసుకోండి. వాటిని చూస్తే నిజంగా ఏది పోయిందో తెలుస్తుంది.

పెద్ద బ్యాటరీ వేస్తే సమస్య పోతుందా?

పోదు. ఛార్జింగ్ లోపం ఉంటే ఇంకో రెండ్రోజులు ఆలస్యంగా దిగుతుంది, అంతే. 100 వాట్ల హెడ్‌లైట్లు, ఆంప్లిఫయర్ బిగించిన బండిలో అసలు ప్రశ్న ఆల్టర్నేటర్ అంత ఇవ్వగలదా అన్నది. స్టార్ట్ స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు) ఉన్న కార్లలో కంపెనీ ఇచ్చిన రకం బ్యాటరీనే వేయాలి.

ఎలక్ట్రిక్ కారులో 12 వోల్టుల బ్యాటరీ దిగింది. అక్కడ ఆల్టర్నేటర్ ఎక్కడుంటుంది?

ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి డీసీ డీసీ కన్వర్టర్ ఈ చిన్న బ్యాటరీని నింపుతుంది. చిన్న బ్యాటరీ వోల్టేజ్ చూడటం వరకే మీ పని. నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లొద్దు, సర్వీస్ సెంటర్‌కే చూపించండి.

రిపేరు చేశాక బండి తెచ్చుకునేముందు ఏం చూడాలి?

మీ కళ్ల ముందే నాలుగు కొలిపించండి. లోడ్ లేకుండా ఐడిల్‌లో, అన్ని లోడ్లతో 2,000 ఆర్‌పీఎంలో, ఏసీ రేంజ్‌లో డయోడ్ పరీక్ష, మందపాటి వైరులో పోతున్న వోల్టేజ్. బిల్లు వెనకే రాయించుకోండి. కీ ఆన్‌లో బ్యాటరీ లైటు వెలిగి, స్టార్ట్ చేయగానే ఆరాలి. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందు ఇంట్లో ఒకసారి చూడండి: 12.5 పైన ఉంటే పని సరిగ్గా జరిగింది. 12.2 ఉంటే పూర్తిగా నిండని బ్యాటరీతో బండి ఇచ్చారన్నమాట. అరగంట డ్రైవ్‌తో అది నిండదు, ఛార్జర్ మీద పెట్టించండి.